ఊపిరి తీసుకోని బాకా

రేవు చివర పాత ఐసు గోడౌను ఉంది. ఉందంటే... గోడలున్నాయి, సగం కప్పుంది, సముద్రం వైపు తలుపు లేని పెద్ద ద్వారం ఉంది. ఒకప్పుడు ఆ ద్వారంలోంచే ఐసు దిమ్మల్ని కింద ఆగిన పడవల్లోకి జార్చేవారు. కొత్త ఫ్యాక్టరీ వచ్చాక దాన్ని వదిలేశారు. అంటే, మనుషులు వదిలేశారు.

చీకటి పడితే అటు కుక్కలు కూడా పోవంటారు. కుక్కల సంగతేమోగానీ మనుషులు మాత్రం పోరు. మంచు దిగిన రాత్రి అక్కడ ఎవరో బాకా ఊదుతారట. ఒకటే స్వరం... లోతుగా, సాగదీసినట్టు, ఆగకుండా. విన్నవాళ్ళు కిటికీలు మూసుకుంటారు. విననివాళ్ళు ముందుజాగ్రత్తగా మూసుకుంటారు.

ఆ ఊదేది ఎవరో కూడా ఊరికి తెలుసు.

లైట్‌హౌసుకి సైరను రాని రోజుల మాట. మంచు దిగిందంటే సముద్రం మీదున్న పడవలకి ఒడ్డు ఎటో తెలిసేది కాదు. అప్పుడు ఐసు మోసే కూలీలు, వలలు అల్లేవాళ్ళు, బళ్ళో డ్రిల్లు చెప్పే మాస్టారొకాయనా కలిసి ఎక్కణ్ణుంచో పాత ఇత్తడి బాకాలు సంపాదించారు. గోడౌను ముందు వరసగా నిలబడి ఒకే స్వరం పట్టి ఊదేవారు. ఆ స్వరం వెంబడే పడవలు ఒడ్డుకి వచ్చేవి. మన ఊరి బ్యాండు పుట్టింది అలాగ. పాటలు తర్వాత వచ్చాయి, జలతారు అంచు కోట్లు ఇంకా తర్వాత వచ్చాయి.

స్వరం మధ్యలో తెగకూడదు. తెగితే పడవవాడు దారి తప్పాననుకుని వెనక్కి తిప్పుకుంటాడు. కానీ మనిషన్నాక ఊపిరి తీసుకోవాలి కదా. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు — పక్కవాడు ఊపిరి తీసుకునేటప్పుడు నువ్వు ఊదాలి, నువ్వు తీసుకునేటప్పుడు వాడు ఊదాలి. ఇప్పటికీ బ్యాండులో కొత్తగా చేరినవాళ్ళకి స్వరాలకంటే ముందు నేర్పేది ఇదే.

ఒక మంచు రాత్రి వరస చివర నిలబడ్డాయన ఊదుతూ ఊదుతూ కొంచెం కొంచెంగా ఐసు జార్చే అంచు వైపు జరిగాడట. ఐసు జారిజారి అంచు నున్నగా ఉంది... స్వరం తెగలేదు. తెగలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఊపిరి తీసుకుంటున్నాడనుకుని పక్కాయన అందుకున్నాడు. తన వంతు ఊపిరికి ఆగి, పక్కకి చూస్తే —

అక్కడ ఎవరూ లేరు.

ఆయన ఇంకా ఊదుతూనే ఉన్నాడంటారు. అందుకోవడానికి పక్కన మనిషి లేడు. అందుకని ఆపడానికీ వీల్లేదు, ఊపిరి తీసుకోవడానికీ వీల్లేదు.

ఇదీ గోడౌను కథ. ఇక మన దర్జీ కథ.

ఇదంతా ఆయన నోటితో ఆయన చెప్పిందే. తన మీద తనే నవ్వుకుంటూ చెప్తాడు కాబట్టి మనం నవ్వినా ఏమీ అనుకోడు. బజారు మలుపులో ఆయన కొట్టు. ఒక కుట్టు మిషను, ఒక నిలువుటద్దం, బ్యాండు కోట్లు వేలాడదీసే ఇనప కడ్డీ. ఊళ్ళో ఆయన పేరు బుగ్గల దర్జీ. బ్యాండులో రెండో వరసలో కూర్చుని, పెద్ద బాకా ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఆయన బుగ్గలు పూరిస్తే చూడ్డానికి జనం నిలబడిపోయేవారు. మొహం ఎర్రబడేది. మెడ నరాలు తేలేవి. ఒక్కోసారి కంట్లో నీళ్ళు కూడా తిరిగేవి.

అన్నీ ఉండేవి. ఊదడం ఒక్కటే ఉండేది కాదు.

అవును. మీసాలు సరిగ్గా రాని వయసునుంచి జుట్టు నెరిసేదాకా, మొదటిరోజు తప్ప, ఆయన ఆ బాకాలోకి ఒక్క ఊపిరి కూడా వదల్లేదు.

ఏం జరిగిందంటే, బ్యాండులో కుర్చీ తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. కూతుళ్ళ సంగతి ఎందుకనో ఎవరికీ తట్టలేదు. దర్జీ తండ్రి పెద్ద బాకా ఊదడంలో మొనగాడు. ఆయన పోయాక కుర్రాణ్ణి తీసుకొచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. మొదటిరోజు ధైర్యం చేసి ఊదాడు. అదేం శబ్దమో ఆయన ఇప్పటికీ సరిగ్గా చెప్పడు. బ్యాండంతా వెనక్కి తిరిగి ఆయన కుర్చీ కిందికి చూసిందట. బ్యాండు మాస్టారు లేచి కిటికీ తెరిచాడట.

ఆ రోజునుంచి ఆయన బుగ్గలతో సరిపెట్టుకున్నాడు.

మానేయొచ్చుగా అని మీరనొచ్చు. మానేస్తే బాకా పోతుంది. బాకాలు బ్యాండువి, ఊదేవాళ్ళ ఇంట్లో ఉంటాయి, ఊదలేని రోజున బ్యాండు గదిలో గోడకెక్కుతాయి. ఆ బాకా మీద తండ్రి కుడి బొటనవేలు ఆనించేచోట ఇత్తడి అరిగి చిన్న గుంట పడింది. దర్జీ అక్కడ వేలు పెట్టినప్పుడల్లా నాన్న చెయ్యి పట్టుకున్నట్టుండేది. అది గోడకెక్కడం ఆయన తట్టుకోలేడు. అదీగాక... ఆయన భార్య ఆయన్ని మొదటిసారి చూసింది బ్యాండులోనే. ఆ బుగ్గలు చూసే ఒప్పుకుంది.

ఆమె తండ్రిది ఆ పక్క కుర్చీయే. అంటే మామగారు, అల్లుడు పక్కపక్కనే. మామగారు ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్కుగా చేసి దిగిపోయిన మనిషి. ఆయన ఛాతీ పీపాలా ఉండేది. ఆయన ఊదితే రెండు బాకాలు ఊదినట్టుండేదని ఊరంతా మెచ్చుకునేది. దర్జీ కూడా మెచ్చుకునేవాడు.

బండి ఇలా సాఫీగా పోతోంది. ఒక సాయంత్రం మాస్టారు తన కర్రతో బల్ల మీద కొట్టాడు. ఆ మొదటి డ్రిల్లు మాస్టారు మనవడే ఈయన; కర్రా కుర్చీతోపాటే వచ్చింది.

"బ్యాండుకి నూరేళ్ళు నిండుతున్నాయి," అన్నాడు. "ఈసారి పాటలతో కాదు. గోడౌను ముందు, మనవాళ్ళు పట్టిన ఆ స్వరమే పడదాం. అందరూ కలిసి పట్టండి. తర్వాత ఒక్కొక్కళ్ళే ఆపండి. చివరికి మన దర్జీ ఒక్కడే మిగలాలి. వాళ్ళ నాన్న మిగిలినట్టు."

అందరూ చప్పట్లు కొట్టారు. దర్జీ కూడా కొట్టాడు. తనేం విన్నాడో అర్థమయ్యేసరికి చేతులు గాల్లో ఆగిపోయాయి.

"నేను కర్ర దించేదాకా ఆపకూడదు," అన్నాడు మాస్టారు ఎంతో ప్రేమగా.

పక్కన మామగారు దగ్గాడు. ఆయనకి ఈమధ్య ఆ దగ్గు ఎక్కువైంది.

ఆ వారమంతా దర్జీ కొలతలు తప్పు తీశాడు. ఒకాయనకి రెండు చేతులూ ఎడమవే కుట్టాడు. ఊదడం నేర్చుకోవాలి... కానీ ఎక్కడ? ఇంట్లో ఊదితే భార్య వింటుంది. కొట్లో ఊదితే బజారంతా వింటుంది. బ్యాండు గదిలో ఊదితే ఆ మొదటిరోజు మళ్ళీ మొదలవుతుంది. ఊళ్ళో మనిషన్నవాడు రాని చోటు ఒక్కటే ఉంది.

దెయ్యమంటే ఆయనకి భయమే. కానీ భార్య మొహం ఊహించుకుంటే దెయ్యమే నయమనిపించింది.

ఆ రాత్రి ఆమె పడుకున్నాక ఆయన బాకాని ఓ పాత కోటులో చుట్టి, భుజాన వేసుకుని వెళ్ళాడు. దారిలో రేవు కాపలావాడొకడు ఎదురై, ఆయన్నీ భుజాన వేలాడుతున్న కోటు చేతుల్నీ చూసి, మాట్లాడకుండా వెనక్కి పరుగెత్తాడు. మర్నాటికి ఊళ్ళో కొత్త సంగతి పుట్టింది — ఈసారి దెయ్యం శవాన్ని కూడా మోసుకొచ్చిందని.

గోడౌను లోపల ఉప్పు వాసన. ఓ మూల ఐసు కొట్టే చిన్న గది, మిగతాదంతా ఖాళీ. దర్జీ సముద్రం వైపు ద్వారానికి ఎదురుగా కూర్చుని, బొటనవేలు గుంటలో పెట్టి, ఊదాడు.

తర్వాత తన చెవులు తనే మూసుకున్నాడు.

పొద్దున్న కొట్టుకి వచ్చినాయన చేతులు చాపి కొలత ఇస్తూ, "రాత్రి విన్నావా?" అన్నాడు. "దెయ్యానికి కడుపులో బాగాలేనట్టుంది."

"అలాగా," అన్నాడు దర్జీ.

"మా నాన్న రోజుల్లో బాగానే ఊదేదట. ఇప్పుడు దెయ్యాలు కూడా ఇలా తయారయ్యాయి."

దర్జీకి అదెందుకో మనసులో గుచ్చుకుంది. మధ్యాహ్నం భోజనం దగ్గర భార్య కూడా అదే ఎత్తింది. "పాపం," అంది కూర వడ్డిస్తూ. "దానికెవరైనా పక్కన కూర్చుని నేర్పితే బాగుండు."

"దెయ్యానికి ఎవరు నేర్పుతారే?"

"ఏమో... అంత పట్టుదలగా ఊదుతోందిగా," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన రోజూ వెళ్ళాడు. పెదవులు వాచాయి, పళ్ళ నొప్పి అని చెప్పాడు. మెల్లగా అరుపు కాస్తా మూలుగయింది, మూలుగు కాస్తా స్వరంలాంటిది అయింది. ఒక రాత్రి ఉన్నట్టుండి అది నిజంగా స్వరమే అయింది. బాకా ఒళ్ళంతా వణికింది. అది నాన్న గొంతులా వినిపించి దర్జీకి ఏడుపొచ్చింది. ఏడిస్తే స్వరం పోయింది.

చిక్కల్లా ఊపిరితోనే. పీల్చిన గాలి చప్పున అయిపోయేది. జీవితంలో ఎప్పుడూ వాడని ఊపిరి కదా, అలవాటు లేదు.

ఆ తర్వాత మంచు దిగింది.

ఆ రాత్రి వెళ్ళకూడదనే అనుకున్నాడు. కానీ సంబరం దగ్గరపడింది. వెళ్ళాడు. ద్వారంలోంచి సముద్రం కనిపించలేదు. తెల్లగా, గోడ కట్టినట్టు మంచు... దానవతల నీళ్ళు కదులుతున్న చప్పుడు. తొందరగా ఊదేసి పోదామని కూర్చున్నాడు. స్వరం పట్టాడు. బాగా వచ్చింది. పట్టి ఉంచాడు... ఉంచాడు... ఛాతీ మండింది... ఇక చాతగాక పెదవులు తీసేశాడు.

స్వరం ఆగలేదు.

ముందు అర్థం కాలేదు. గోడలకి తగిలి తిరిగొస్తోందనుకున్నాడు. తిరిగొచ్చేదయితే తగ్గాలి. అది తగ్గలేదు. నిండుగా, తిన్నగా వస్తోంది — మంచులోంచి, నీళ్ళ మీద నుంచి, ఆ తలుపు లేని ద్వారంలోంచి.

"ఎవరూ..." అన్నాడు. అన్నాననుకున్నాడు.

స్వరం అలాగే ఉంది. ఎదురుచూస్తున్నట్టుంది.

పారిపోవాల్సింది. కాళ్ళు లేవలేదు. చేతులు మాత్రం, చిన్నప్పుడు నూరిపోసిన కట్టుబాటు గుర్తొచ్చినట్టు, బాకాని మళ్ళీ పెదవుల దగ్గరికి తెచ్చాయి. ఆయన అందుకున్నాడు. ఆయన ఊపిరి అయిపోయినప్పుడల్లా అవతలి స్వరం ఉంది. ఎంతసేపో తెలియదు... జీవితంలో మొదటిసారి ఆయన ఇంకొకరితో కలిసి ఊదుతున్నాడు. ఆ సంతోషంలో కాసేపు భయం మరిచిపోయాడు కూడా.

భయం గుర్తొచ్చాక ఎలా ఇంటికి చేరాడో తెలియదు. చెప్పులతోనే మంచమెక్కాడు. భార్య అటు తిరిగి పడుకుని ఉంది. కిటికీ మాత్రం తెరిచి ఉంది.

మర్నాడు సాయంత్రం బ్యాండు గదిలో, అందరూ కోట్ల గుండీలు పెట్టుకుంటుంటే, ఆయన మామగారి చెవిలో అడిగాడు.

"మామయ్యా... దెయ్యాలకి ఊపిరి ఉంటుందంటారా?"

మామగారు బాకా అడుగునున్న చిన్న మీట నొక్కాడు. ఊదగా ఊదగా లోపల చేరిన తడి చుక్కలుగా నేల మీద పడింది. ప్రతివాళ్ళూ చేసే పనే.

"ఊపిరుంటే దెయ్యమెందుకవుతుంది అల్లుడూ," అన్నాడు. "బాకాలోంచి నీళ్ళు కారాయంటే ఊదినవాడు మనిషనే."

అంటూ, ఏదో ఆలోచిస్తున్నట్టు, బూటు అంచుతో ఆ తడిని దర్జీ కుర్చీ కిందికి తోశాడు.

దర్జీ కిందికి చూశాడు. అన్నేళ్ళుగా కూర్చుంటున్నా ఎప్పుడూ చూడలేదు. చెక్క నేల మీద ప్రతి కుర్చీ కిందా నల్లగా మరక పడి ఉంది. నూరేళ్ళ ఊపిరి తడి. తన కుర్చీ కింద మాత్రం నాన్ననాటి మరక కూడా వెలిసిపోయి, చెక్క తెల్లగా, పొడిగా ఉంది... మామగారి వైపు అంచున తప్ప. అక్కడ చంద్రవంకలా ఒక మరక. రోజూ ఎవరో బూటుతో తోస్తే పడే మరక.

ఆయనకి చెవులు కాలాయి.

"మామయ్యా..."

"మా అమ్మాయికి తెలియనివ్వకు," అన్నాడు మామగారు మెల్లగా. "నీ ఊదుడంటే దానికి ప్రాణం."

ఇన్నేళ్ళూ ఆ మనిషి తన వాటా ఊదుతూ, అల్లుడి వాటా ఊదుతూ, అల్లుడి తడి కూడా తనే కార్చాడు. పక్కవాడు అందుకుంటేనే ఊపిరి తీసుకోవాలి. పక్కవాడు అందుకోనేలేదు. అందుకే ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం. దర్జీకి అక్కడే భూమి చీలి తనని మింగేస్తే బాగుండనిపించింది. భూమి అలాంటివాటికి ఎప్పుడూ సమయానికి చీలదు.

ఆ రాత్రి ఆయన టార్చి పట్టుకెళ్ళాడు. తడి ఉంటే మనిషి. లేకపోతే... లేకపోతే ఏం చెయ్యాలో ఆలోచించుకోలేదు.

మంచు లేదు. సముద్రం మామూలుగా ఉంది. ఆయన స్వరం పట్టాడు. ఛాతీ మండేదాకా ఊది, పెదవులు తీశాడు.

స్వరం ఆగలేదు.

ఈసారి అది సముద్రం మీద నుంచి కాదు. వెనకనుంచి. ఐసు కొట్టే చిన్న గదిలోంచి... మెత్తగా, దగ్గరగా.

ఆయన ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్ళాడు. గది ముందు నిలబడి టార్చి వేశాడు. మనిషి మీదికి కాదు, నేల మీదికి. మనిషి మీదికి వేసేంత ధైర్యం లేదు. దుమ్ములో చుక్కలు చుక్కలుగా తడి. దాని పక్కన రెండు కాళ్ళు. కాళ్ళకి చెప్పులు. ఎడమ చెప్పు పట్టీ కిందటి నెల తెగితే ఆయనే నీలం దారంతో కుట్టిచ్చాడు.

"అరవకండి," అంది ఆయన భార్య. "అసలే ఊళ్ళో నిద్రల్లేవు."

ఆమె చేతిలో మామగారి బాకా ఉంది. సాయంత్రం బ్యాండు అయ్యాక తోమిస్తానని తెచ్చుకుందట. దర్జీ గోడకి ఆనుకుని అలాగే నేల మీద కూలబడ్డాడు.

"నీకు... ఊదడం వచ్చా?"

"చిన్నప్పటినుంచీ. నాన్న ఇంట్లో నేర్పాడు. కుర్చీ అన్నయ్యలకి ఇస్తారు, నాకు అన్నయ్యలు లేరు. అంతటితో ఆ మాట అయిపోయింది."

"మరి నా సంగతి..."

"పెళ్ళయిన మొదటి వారం తెలిసింది." ఆమె గొంతులో నవ్వుంది. "బాకా తోముదామని బోర్లించాను. ఒక్క చుక్క రాలేదు. పాడయిందేమోనని నేనే ఊది చూశాను. బాగానే ఉంది."

"ఇన్నేళ్ళూ చెప్పలేదే?"

"మీరంత కష్టపడి బుగ్గలు పూరిస్తుంటే ఎలా చెప్పను? ఇక్కడ మీరు ఊదడం మొదలుపెట్టిన రోజే తెలిసింది మీరేనని. వారం వారం తోమే బాకా గొంతు నాకు తెలియదా?" ఆమె గొంతు ఇంకా తగ్గించింది. "నాన్నకి మాత్రం చెప్పకండి. అల్లుడు గొప్పగా ఊదుతాడని ఆయన నమ్మకం."

దర్జీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాసేపు నవ్వాడు. ఆ నవ్వు రేవుదాకా వినపడి ఇంకో రెండు కిటికీలు మూసుకున్నాయట.

నూరేళ్ళ సాయంత్రం ఊరంతా రేవు మీదే ఉంది. దెయ్యమున్న చోటే అయినా, అంతమంది ఉంటే దెయ్యమే మొహమాటపడుతుందని వచ్చారు. సూర్యుడు దిగేవేళ బ్యాండు గోడౌను ముందు కుర్చీలేసుకుని కూర్చుంది. మాస్టారు కర్ర ఎత్తాడు. అన్ని బాకాలూ ఆ ఒక్క స్వరాన్ని పట్టాయి. తర్వాత ఒక్కొక్కటే ఆగాయి. ముందు వరస ఆగింది. చివరి వరస ఆగింది. మామగారి బాకా కూడా ఆగింది.

దర్జీ ఒక్కడే మిగిలాడు.

నిజంగా ఊదుతున్నాడు. బుగ్గలు ఎప్పటికంటే చిన్నగా ఉన్నాయి. ఎవరూ మెచ్చుకునేలా లేవు. స్వరం మాత్రం నీళ్ళ మీదికి తిన్నగా పోతోంది. మాస్టారు కర్ర దించాలి. దించలేదు. ఆయన కళ్ళు మూసుకుని ఏడుస్తున్నాడు, కర్ర సంగతే మరిచిపోయాడు.

దర్జీకి గాలి అయిపోతోంది. బొటనవేలి కింద గుంట చెమటతో జారుతోంది. ఇక్కడ తెగితే బాకా రేపు గోడ మీద. పక్కకి చూశాడు. మామగారు బాకా ఎత్తాడు, నోటికి పెట్టాడు... దగ్గొచ్చింది. దగ్గు తప్ప ఇంకేమీ రాలేదు.

దర్జీ పెదవులు విడిపోయాయి.

స్వరం మాత్రం తెగలేదు.

మామగారి వెనక జనంలో నిలబడ్డ కూతురు వంగి, ఆయన చేతుల్లోంచి బాకా అందుకుని, అలా నిలబడే ఊదుతోంది. దర్జీ గుండెనిండా గాలి పీల్చుకుని మళ్ళీ అందుకున్నాడు. ఆమె ఆపింది. మళ్ళీ ఆమె. మళ్ళీ ఆయన. మాస్టారు కళ్ళు తెరిచి, ఇద్దర్నీ చూసి, కర్ర దించాడు.



"ఆ కుర్చీ ఎవరిది?" అన్నాడు మాస్టారు.

"నాదే," అన్నాడు మామగారు. ఊపిరి తిప్పుకుని, "ఇకనుంచి మా అమ్మాయిది."

మాస్టారు తల ఊపాడు. తర్వాత దర్జీ వైపు తిరిగాడు. "నీ బాకా నీ దగ్గరే ఉండనీ. ఇన్నేళ్ళలో నువ్వు ఊపిరి తీసుకోవడం ఇవాళే చూశానయ్యా."

బ్యాండంతా గొల్లున నవ్వింది. అప్పుడర్థమైంది దర్జీకి. ఊదేవాడు ఎక్కడో ఒకచోట ఊపిరి తీసుకుంటాడు. ఇన్నేళ్ళుగా బుగ్గలు దించకుండా పాటకి పాట లాగించినవాడు తనొక్కడే. ముందు వరసనుంచి చివరి వరసదాకా అందరికీ తెలుసు. తెలియదనుకున్నది తనే. మామగారూ, కూతురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఇద్దరూ ఒకేసారి చూపు తిప్పుకున్నారు.

ఇంటికొచ్చేసరికి చీకటి పడింది, మంచు దిగడం మొదలైంది. ఆమె దీపం దగ్గర కూర్చుని, ఒళ్ళో మెత్తటి గుడ్డ పరుచుకుని, ఎప్పట్లాగే బాకా బోర్లించింది. నీళ్ళు జలజలా కారి గుడ్డంతా తడిసింది. ఆమె ఆ గుడ్డని రెండు చేతులతో పట్టుకుని ఆయనకి చూపించింది. ఆయనకి కళ్ళు చెమర్చాయి.

"ఆ మంచు రాత్రి నువ్వే లేకపోతే నేనీ రోజు చూసేవాణ్ణి కాదు," అన్నాడు.

"ఏ మంచు రాత్రి?"

"అదే... మొదటిసారి నువ్వొచ్చి అందుకున్న రాత్రి."

ఆమె చేతులు ఆగాయి. "నేను మొదటిసారి వచ్చింది మీరు టార్చి తెచ్చిన రోజే. ఆ మంచు రాత్రి ఇక్కడే ఉన్నాను, కిటికీ తెరిచి వింటున్నాను. రెండు బాకాలు వినిపించాయి. నాన్న వచ్చాడేమో అనుకున్నాను." ఆగింది. "మర్నాడు అడిగితే, రేవుదాకా నడిచే ఓపిక నాకెక్కడిదే అన్నాడు."

ఇద్దరూ కిటికీ వైపు చూశారు.

దూరంగా... సముద్రం మీదనుంచి... ఒకటే స్వరం. లోతుగా, సాగదీసినట్టు.

"పడవ సైరనయ్యుంటుంది," అన్నాడు దర్జీ.

"అయ్యుంటుంది," అంది ఆమె.

వింటూ కూర్చున్నారు. స్వరం సాగింది... సాగింది... సన్నబడింది. ఎప్పుడూ తెగని ఆ స్వరం, ఊళ్ళో అందరి తాతలూ విన్న ఆ స్వరం, వణికి —

ఆగింది.

దర్జీ కదల్లేదు. భార్య బాకాని తన ఒళ్ళోంచి ఆయన ఒళ్ళోకి జరిపింది.

"అందుకోండి," అంది రహస్యంగా. "ఊపిరి తీసుకుంటున్నట్టున్నాడు."

ఆయన బొటనవేలు గుంటలో పెట్టి, కిటికీలోంచి సముద్రం వైపు ఆ స్వరాన్ని పట్టాడు. తెగకుండా, ఛాతీ మండేదాకా పట్టి ఉంచాడు.

వీధి పొడుగునా కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి.